నేను తల ఊపిన మాట నిజమే

దుబాసీ ఎందుకు మేడమ్, ఆవిణ్ణి పంపించెయ్యండి. మీ జర్మన్ భాష నాకొచ్చు. లింజ్‌లో నాలుగేళ్ళు పనిచేశాను, మీ ఫైల్లో ఉండే ఉంటుంది. మూడు వారాలుగా ఇదే కథ చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. డైరెక్టరుకి చెప్పాను, ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పాను. ఆఖరికి క్యాంటీన్లో సూపు వడ్డించే ఆవిడ కూడా 'ఏదీ స్నెజానా, ఎలా ఊపావో ఒక్కసారి ఊపి చూపించు' అంటోంది. ఇప్పుడు వియన్నా హెడ్డాఫీసు నుంచి మీరొచ్చారు. అడగండి, మీకూ చెప్తాను.

అవును, నేను తల ఊపిన మాట నిజమే. నిలువుగానే ఊపాను. కాదని ఎవరన్నారు? గదిలో పన్నెండు మంది చూశారు. మా బల్గేరియా వాళ్ళకి తల నిలువుగా ఊపితే కాదని అర్థం, అడ్డంగా ఊపితే అవునని. మీకేమో తిరగేసి. ట్రైనింగ్ ఇవ్వడానికొచ్చిన లోరెంజ్ గారు అడిగారు, నేను కాదని ఊపాను, ఆయన అవుననుకుని బటన్ నొక్కేశారు. నాలుగు వందల పన్నెండు కంప్యూటర్లు ఊడ్చిపెట్టుకు పోయాయి. ఇంతే సంగతి. ఇందులో ఎవరి తప్పూ లేదని రాసుకుని మీరు సాయంత్రం విమానానికి వెళ్ళిపోవచ్చు.

మొదట్నుంచీ కావాలా? సరే, మీ ఇష్టం. ఆ కిటికీ వేసెయ్యనా? కాల్చిన మిరపకాయల ఘాటు మీకు పడినట్టు లేదు. సెప్టెంబరంతా మా ఊరు ఇలాగే ఉంటుంది లెండి.

మా మిరపకాయల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేది ఇద్దరం. నేనూ, బాయ్ స్తామెనూ. బాయ్ అంటే మీరనుకునే బాయ్ కాదు, పెద్దవాళ్ళని గౌరవంగా అలా పిలుస్తాం. ఆయనకి యాభై తొమ్మిది. పందొమ్మిదేళ్ళుగా ఆయన పద్ధతి ఒక్కటే. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే పెన్ డ్రైవ్‌లు తాళాల గుత్తికి తగిలించుకుని, సంచీ భుజాన వేసుకుని, ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ నడిచి వెళ్ళడం. గుచ్చడం, కూర్చోడం, అది ఎక్కేదాకా అక్కడి వాళ్ళతో కబుర్లాడటం.

లేబుళ్ళ సెక్షన్లో ఆయనకి ఒక బనిత్సా ముక్క, అదే మా జున్ను రొట్టె, తీసి ఉంచేవాళ్ళు. గోదాములో ఒక గుక్క రాకియా, మా పళ్ళ సారా. అది రాసుకోకండి. ఎవరి కూతురికి పెళ్ళి కుదిరింది, ఎవరి మొగుడు మళ్ళీ తాగడం మొదలెట్టాడు, అన్నీ ఆయనకి తెలుసు. నాలుగు వందల పన్నెండూ తిరిగొచ్చేసరికి ఐదారు వారాలు పట్టేది. ఈలోగా ఇంకో కొత్తది వచ్చి కూర్చునేది. మళ్ళీ సంచీ భుజాన వేసుకునేవాడు. విసుక్కోగా నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా మా డైరెక్టరు కాలోయాన్‌కి నచ్చలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కుర్రాడు, మీ వియన్నా వాళ్ళే పంపారు. మా ఇద్దరికీ, సెక్షన్ల వాళ్ళకీ కలిపి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టించాడు. కుర్చీలోంచి లేవకుండా ఫ్యాక్టరీ మొత్తానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఎలాగో చేసి చూపించి, మాతో చేయించే ట్రైనింగ్. ప్రాక్టీసుకి వేరే నెట్‌వర్క్ కట్టుకుందామన్నాను. డబ్బు దండగ, అసలు దాని మీదే చేద్దామన్నాడు. పది పాత కంప్యూటర్లు పక్కన పెట్టి, వాటిని ప్రాక్టీసు గుంపు అన్నాం. అతను అలా రాసిన ఉత్తరం నా దగ్గరుంది, మీకు కావాలంటే ఇస్తాను.

లోరెంజ్ గారు మీ దేశంలోని గ్రాజ్ నుంచి వచ్చారు. మంచి మనిషి. చొక్కా చేతులు మడిచి, ఒక్కొక్కరి పేరూ అడిగి, మా పేర్లు పలకలేక నాలుక మడతపడుతుంటే తనమీద తనే నవ్వుకునేవారు. విని రాసుకుంటే రాదు, మౌస్ పట్టుకోండి అనేవారు. మొదటిరోజు తెర మీద వేసిన మొదటి మాట ఏంటో తెలుసా? 'ఒక మనిషి, ఒక కుర్చీ, నలభై నిమిషాలు.'

అందరూ నవ్వారు. బాయ్ స్తామెన్ మాత్రం ఆఖరి వరసలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాడు, పొల్లు పోకుండా. ఒక మనిషి. ఒక కుర్చీ. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని.

రెండో రోజు పదకొండింటికి అసలు పని. పాతది మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించడం, ఒక్క బటన్‌తో. తెర మీద రెండు గుంపులున్నాయి. ఒకటి ఓపిత్, అంటే ప్రయత్నం. ఇంకోటి ఓబ్షో, అంటే మొత్తం. ఆ పేర్లు ఎప్పుడో బాయ్ స్తామెన్ పెట్టినవే, మా అక్షరాల్లో. రెండూ సున్నాలా ఉండే ఒకే అక్షరంతో మొదలవుతాయి. పాపం లోరెంజ్ గారికి మా అక్షరాలు రావు. బాణం ఓబ్షో మీద పెట్టి నా వైపు తిరిగారు. 'ఇది ప్రాక్టీసు గుంపేగా, స్నెజానా?' అన్నారు.

నేను తల ఊపాను. నా తల దిగిందో లేదో ఆయన వేలూ దిగింది.

కాదని చెప్తే ఎందుకు నొక్కాడని మావాళ్ళంతా నోళ్ళు తెరిచారు. తెర మీద పచ్చ టిక్కులు పడుతున్నాయి. పది, అరవై, నూట ఎనభై. మొదట్లో ఆయన మురిసిపోయారు, చూశారా ఎంత వేగమో అన్నారు. పది దగ్గర ఆగాల్సినవి ఆగకపోయేసరికి మొహం పాలిపోయింది. ఈలోపు ఫోను మోగింది. లారీలు తూచే కాటా దగ్గర్నుంచి. లారీ ఎక్కింది, కంప్యూటర్ చచ్చింది, ఏం చెయ్యమంటారని.

పదకొండు నిమిషాలు, మేడమ్. ఆయన నలభై అన్నారు, పదకొండులో అయిపోయింది. ట్రైనింగ్ ఎంత బాగా పనిచేసిందో చూడండి.

తుడవడం నాలుగు వందల పన్నెండుకీ తుడిచింది. కొత్తది ఎక్కించడానికి మాత్రం పది కంప్యూటర్లకే సరిపడా సరుకుంది. పైగా కుర్చీలోంచి వాటిని చేరుకునే దారి కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయింది. ఇక మిగిలిన దారేంటి? ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ నడిచి వెళ్ళి పెన్ డ్రైవ్ గుచ్చడమే.

అంతా ఆఖరి వరస వైపు తిరిగారు. బాయ్ స్తామెన్ నోట్సు మూసి, సంచీ భుజాన వేసుకుని లేచాడు.

పదకొండు రోజులు. ఆఫీసు భవనం నేను చూసుకున్నాను, ఆరు గోదాములూ ఆయనే. కబుర్లు లేవు, బనిత్సా లేదు. లారీలు నది వంతెన దాకా నిలబడ్డాయి. మిరపకాయలు మెత్తబడిపోతుంటే ఊళ్ళోవాళ్ళని పట్టుకుపొమ్మన్నాం. ఇంటింటా కాల్చుకున్నారు. ఈ ఏడు మా ఊళ్ళో మిరపకాయలు కొన్న ఇల్లు లేదు. ఆయన్ని చూసి గోదాము వాళ్ళు చప్పట్లు కొట్టారంటే నమ్ముతారా? కాలోయాన్ స్వయంగా భుజం తట్టి, 'మీరు లేకపోతే మేమేమైపోదుం' అన్నాడు. ఆ మాట అన్న నోరే మొదటిరోజు నాతో ఏమందో...

ఆఁ? ఏం లేదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

సరే, చెప్తాను. మొదటిరోజు మధ్యాహ్నం కారిడార్లోకి పిలిచాడు. 'చూశావుగా, జనవరి నుంచి నువ్వొక్కదానివి చాలు. స్తామెన్‌కి నువ్వే చెప్పు, నీ మాటైతే వింటాడు' అన్నాడు. నేనేం చెప్పను? నేను పనిలో చేరిన రోజున నాకు కుర్చీ లేకపోతే తన కుర్చీ ఇచ్చి, వారం రోజులు డబ్బా మీద కూర్చున్న మనిషి. నా విడాకులప్పుడు మూడు నెలలు నా పని కూడా తనే చేసి, ఒక్కరోజూ ఎందుకని అడగలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసే బస్సెక్కాం. ఆయన నోట్సు తీసి, ఈ ముక్క అర్థం కాలేదు కాస్త చెప్పమ్మాయ్ అన్నాడు. చెప్పాను. ఆ ముక్కే చెప్పాను. రెండోది నోట్లోంచి రాలేదు.

ఇప్పుడా మాట చెప్పాల్సిన పనే లేదనుకోండి. తీసేసేవాళ్ళ జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు, ఉద్యోగం నిలబడింది. ఆయనే నిలబడలేకపోతున్నాడు. కుడి మోకాలు పోయింది. గోదాముల్లో మెట్లెన్నో మీరు చూడలేదు. ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. కాలు స్టూలు మీద పెట్టుకుని, పెరుగు తింటూ నా వైపు కాసేపు చూశాడు. 'అమ్మాయ్, ఈసారి తల ఊపేముందు ఒక మాట చెప్పు. కొత్త బూట్లు కొనుక్కుంటాను' అన్నాడు.

నవ్వకండి మేడమ్. నేను నవ్వలేదు.

సరే, అయిపోయింది కదా? సంతకం ఎక్కడ పెట్టాలి? ఈ కాగితమేంటి, ఇదీ నాదేనా?

లోరెంజ్ గారి కాంట్రాక్టు రద్దా? ఎందుకు? ఎవరి తప్పూ లేదని ఇప్పుడే కదా... వేలు ఆయనది కాబట్టి, అంతేనా? మీ కంపెనీలన్నిటికీ ఆయన పేరు పంపించారా? అంటే ఇక ఎక్కడా పిలవరు. ఆయన చేసేది ఈ పనొక్కటేనా? నాకెలా తెలుస్తుంది మేడమ్. ఆయన గ్రాజ్ వెళ్ళి పడుకుని, పొద్దున్నకి మర్చిపోతాడనుకున్నాను. మీ వాళ్ళకి పని దొరక్కపోవడమేంటనుకున్నాను.

ఆయన మీకు ఉత్తరం రాశారా? ఇటివ్వండి. నేను చదువుకోగలను.

'స్నెజానా గారిని ఏమీ అనవద్దు. నేను నోటితో జవాబు రాబట్టుకోవాల్సింది, ఆ దేశపు అలవాటు ముందే తెలుసుకు వెళ్ళాల్సింది.' ఊఁ. 'ఒక్క సందేహం మాత్రం మిగిలిపోయింది. మొదటిరోజు పొద్దున కాఫీ తెమ్మంటారా అని ఆమెను అడిగాను. అలాగే తల ఊపారు. తెచ్చి ఇచ్చాను, తాగారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె వద్దన్నారన్నమాట. మర్యాద కోసం తాగి ఉంటారు. నా తరఫున క్షమాపణ చెప్పగలరు.'

కాస్త నీళ్ళిస్తారా?

కాఫీకి క్షమాపణట. ఉద్యోగం పోగొట్టుకుని, కాఫీకి క్షమాపణ చెప్తున్నాడు. తిట్టి రాసినా బాగుండేది. తిట్టి ఉంటే సంతకం పెట్టేసి ఈపాటికి నా కుర్చీలో ఉండేదాన్ని.

లింజ్‌లో మొదటి నెలంతా నవ్వులపాలయ్యాను మేడమ్. ఆకలేస్తోందా అంటే అడ్డంగా ఊపి పస్తున్నాను. ఆ తర్వాత నేర్చుకున్నాను. మా వాళ్ళతో మా పద్ధతి, మీ వాళ్ళతో మీ పద్ధతి. పదిహేనేళ్ళయింది, ఒక్కసారీ తప్పు పోలేదు. ఆ రెండు రోజులూ లోరెంజ్ గారు ఏం అడిగినా మీ పద్ధతిలోనే ఊపాను. ఆ పదకొండు గంటలప్పుడు కూడా.

మావాళ్ళు పన్నెండు మందీ అబద్ధమాడలేదు. వాళ్ళకి నేను కాదన్నట్టే కనబడింది. అలా కనబడుతుందని నాకు తెలుసు. ఆయనకి ఎలా కనబడుతుందో కూడా తెలుసు. ఒక్క తల, రెండు జవాబులు. అంత సుఖం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? నా వెనక ఆఖరి వరసలో పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. నోటితో చెప్పలేని దానికి తల వాడుకున్నాను. మిరపకాయలు గుర్తురాలేదు. మోకాలు గుర్తురాలేదు. గ్రాజ్‌లో ఒక మనిషికి ఇల్లుంటుందని అసలే గుర్తురాలేదు.

నాకేమవుతుంది? ఏమవుతుందో మీకే తెలియాలి. కుర్చీ మాత్రం ఖాళీ అవుతుంది. ఒక మనిషి కూడా అక్కర్లేదన్నమాట ఇక.

తెలిసే చేశావా అని అడుగుతున్నారు కదూ? నా తల వంక చూడకండి, దాన్ని నమ్మడానికి లేదు. నోటితోనే చెప్తున్నాను, రాసుకోండి. అవును. తెలిసే చేశాను.

ఇంకోటి కూడా రాయండి. ఆ కాఫీ నాకు కావాలనే తాగాను.