అదే గుడ్డలోంచి అతుకు

"కదిలే ఈ ముందుపన్ను నిలుస్తుందా, డాక్టరమ్మా?"

కుర్చీలో వాలిన ముసలి దర్జీకి భయం కంటే ఆరా ఎక్కువ.

"నిలబెట్టాలనే చూస్తున్నా, బాబాయ్. చిగురు కాస్త తెరిచి, లోపల పంటి వేరుకు పట్టిన గార గీకేసి, మళ్ళీ కుట్టేస్తా."

"విప్పి కుట్టడమన్నమాట. మరి చిగురు తగ్గిపోయిందన్నారే, కుట్టడానికి చాలుతుందా?"

"చాలదు. మీ అంగిట్లోంచే చిన్న ముక్క తీసి అతుకు వేస్తా."

"భలే! అదే గుడ్డలోంచి అతుకు. రంగు తేడా రాదు. కుట్టు దగ్గరగానా, ఎడంగానా?"

"దగ్గరగానే. పదిరోజులకు విప్పుతా. ఇంతకీ నలభై ఏళ్ళుగా దారం దేంతో తెంపుతున్నారు?"

దర్జీ నసిగాడు. "పంటితోనే."

"ఇకమీదా అలాగే తెంపితే నా పనంతా బూడిదలో పోసిన పన్నీరే."

"అబ్బే, ఇంక ముట్టుకుంటే ఒట్టు! అన్నట్టు, మీ కోటు గుండీ వేలాడుతోంది. ఇలా ఇవ్వండి."

జేబులోంచి సూదీ దారం తీశాడు. నాలుగు కుట్లకే గుండీ బిగిసింది. ముడి వేసి, అలవాటుగా తల వంచి, దారం నోటిదాకా తెచ్చాడు.

"బాబాయ్!"

చెయ్యి పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"మీ కత్తెర ఒకసారి ఇవ్వండమ్మా. నాది రిపేరుకొచ్చింది."