వెండి వదిన, చెంచాల బేరం

ఏంటే, ఆ వెండి గ్లాసులు సంచిలో వేసుకుని ఎక్కడికి బయల్దేరావు? అమ్మడానికా? అమ్ముకో, నీ వస్తువు నీ ఇష్టం, నేనెందుకు అడ్డమొస్తాను. కానీ ఒక్క నిమిషం ఇలా కూర్చో. మా వదినే ఉండి ఉంటే నిన్నిలా ఉత్త చేతులతో... అంటే ఏమీ తెలియకుండా అనిలే, పంపేదా? అదేనే, మీ తాతయ్య అక్క. నీకు నాయనమ్మ వరసే. నువ్వు పుట్టకముందే పోయింది. నాకొక్కదానికే వదిన కదా, కానీ ఊరంతా వెండి వదిన అనేవాళ్లు. కూరగాయలాయనా వదినే, పోస్టుమానూ వదినే! మొగుడు పోయాక పుట్టింటికొచ్చి, వాళ్ల నాన్న పెట్టిన వెండి కొట్టులో తక్కెడ ముందు కూర్చుంది. కొత్త సరుకు అమ్మడం మీ తాతయ్య పని, జనం తెచ్చిన పాత వెండి కొనడం ఈవిడ పని. నేను వెనక గదిలో కూర్చుని సుద్దపొడితో సామాన్లు తోమేదాన్ని. మధ్యలో ఒక కర్టెన్, అంతే. అన్నీ వినపడేవి.

బేరంలో మహా గట్టిదిలే వదిన. అమ్మడానికొచ్చినవాళ్లు "ఇంకాస్త వేయండమ్మా" అనడం, ఈవిడ "ఏం వేయను, నా గాజులు వేయనా?" అనడం. అలా కాసేపు కీచులాడితే గానీ ఆవిడకి తిన్నది అరిగేది కాదు. అలాంటి మనిషి దగ్గరికి కళ్లజోళ్లాయన వచ్చాడు. పక్క వీధిలో కళ్లద్దాలు చేసేవాడు. పెళ్లీ గిళ్లీ లేదు, తల్లి పోయాక ఒక్కడే ఉండేవాడు. ఒక వెండి చెంచా తెచ్చి, "మా అమ్మగారిదండి" అని పెట్టాడు. ఈవిడ తూచి ధర చెప్పింది. "సరేనండి" అని పుచ్చుకుని వెళ్లిపోయాడు. మళ్లీ కొన్నాళ్లకి ఇంకో చెంచా, మళ్లీ "సరేనండి". వదినకి ఒళ్లు మండిపోయింది. "బేరమాడని మనిషి దగ్గర కొంటే జేబు కొట్టినట్టుందే!" అని నా దగ్గర గొణిగింది.

ఇక పట్టలేక ఒకరోజు ఆయన్నే కూర్చోబెట్టి పాఠం చెప్పింది. "చూడండీ, మీరు వస్తువు కొన్నప్పుడు వెండి ధరే కాదు, చేసినందుకు మజూరీ కూడా ఇస్తారు. అమ్మేటప్పుడు ఆ మజూరీ హుళక్కి. వెండికే ఇస్తాం. అందులోనూ కరిగిస్తే తగ్గుతుందని తరుగు తీస్తాం. తగ్గుతుంది, కానీ మేం తీసినంత తగ్గదు. ఆ మధ్యలోదే మాకు తిండి. పనితనం బాగున్నవైతే అసలు కరిగించనే కరిగించం. మా మరదలు తోముతుంది, మా తమ్ముడు బీరువాలో పెట్టి మళ్లీ మజూరీ కలిపి అమ్ముతాడు. ఆఖరికి కొట్టు ఊడ్చిన దుమ్ములో కూడా వెండి రజను ఉంటుందని దాన్నీ అమ్ముకుంటాం. తెలిసిందా? ఇక బేరమాడండి!" మీ తాతయ్య అవతల్నించి ఒకటే దగ్గు. ఇంటి గుట్టంతా బజార్లో పెట్టేస్తోంది కదా మరి! కళ్లజోళ్లాయనేమో అంతా విని, బడిపిల్లాడిలా, "అయితే... తరుగు కాస్త ఎక్కువేమోనండి?" అన్నాడు. వదిన ఎంత నవ్విందో! నా పెళ్లయ్యాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు.

ఆ తర్వాత రావడం ఎక్కువైంది. బేరం అయిపోయినా మాటలు అయ్యేవి కావు. ఎవరి చూపు ఎలా ఉందో, ఎవరింట్లో ఏ వస్తువు ఎందుకు అమ్మారో, ఏవేవో. చెంచాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఒకరోజు వదిన చెంచా తిప్పి చూసి, "మీ ఇంట్లో చెంచాలు పిల్లల్ని పెడుతున్నాయాండీ?" అంది. మళ్లీ తనే, "అంచు అరగలేదు, ఒక్క గీత పడలేదు. ఇది ఎదురు కొట్టువాళ్ల కొత్త ముద్ర, ఈ మధ్యనే మార్చారు. మీ అమ్మగారు పోయి ఏళ్లయింది. ఆవిడకెలా వచ్చింది?" నేను తోమడం ఆపేశాను. కర్టెన్ సందులోంచి చూస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "అమ్మవి ఎప్పుడో అయిపోయాయండి." "అయిపోతే రావడం మానేయాలి కదా?" "అది చేతకాకే కొంటున్నానండి." "అక్కడ కొని ఇక్కడ అమ్మితే ఎంత నష్టమో తెలుసా మీకు?" "మీరే చెప్పారు కదండీ, మజూరీ, తరుగు... అన్నీ తెలిసే వస్తున్నాను."

వదిన లేచి గబగబా నా గదిలోకి వచ్చేసింది. మొహమంతా కందిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "నేనూ ఆయన దగ్గర తరుగు తీయడం మానేసి చాన్నాళ్లయిందే" అంది.

ఇక ఇంట్లో రాద్ధాంతం. మీ తాతయ్యకి అక్కంటే ప్రాణం, అందుకే ఇంకా ఎక్కువ కోపం. "తల నెరిశాక పెళ్లేంటి, కొట్టుకొచ్చేవాళ్లు నవ్వరా? వెళ్తే మళ్లీ ఈ గడప తొక్కకు" అని అరిచేశారు. వదిన అరవలేదు. తక్కెడ ముందే కూర్చుని, "సరేరా తమ్ముడూ. ఇన్నేళ్లు ఈ కొట్టులో అరిగాను. ఇప్పుడు నన్ను తూచి, తరుగెంతో నువ్వే చెప్పు" అంది. మీ తాతయ్య అటు తిరిగి బీరువా అద్దం తుడవడం మొదలెట్టారు. తుడిచిందే తుడిచారు పాపం, భుజాలు కదుల్తూనే ఉన్నాయి. రిజిస్ట్రారాఫీసుకి నేనూ వెళ్లాను. మర్నాడు పొద్దున కొట్టు తెరిచేసరికి ఈవిడ ఆయనింటి నుంచి నడిచొచ్చి, ఏమీ జరగనట్టు తన చోట్లో కూర్చుంది. మీ తాతయ్య కూర్చోనిచ్చారు. కానీ బావగారితో మాత్రం మాట్లాడలేదు. అంత మొండి!

చాలా ఏళ్లు బాగున్నార్లే. బాగానే... వదినే ముందు పోయింది, గుండె. ఆవిడ పోయాక ఆ మహానుభావుడు సాయంత్రమయ్యేసరికి వచ్చి కొట్టు బయట మెట్టు మీద నిలబడేవాడు. లోపలికి రాడు, వెళ్లడు. నాలుగు రోజులు చూశారు మీ తాతయ్య. తర్వాత ఒక కుర్చీ తెచ్చి తక్కెడ పక్కన వేసి, "వెలుతురు సరిపోవట్లేదు, ఈ ముద్ర ఏంటో కాస్త చదివిపెట్టండి బావగారూ" అన్నారు. అదే మొదటి మాట. మీ తాతయ్య చూపు ఆఖరిదాకా నిక్షేపంలా ఉండేది, తెలుసా...

ఊఁ. ఏంటా చప్పుడు? వానేనా? అయ్యో, దండెం మీద బట్టలు, పరిగెత్తు, పరిగెత్తు!