మంద నిండుగా ఉన్నప్పుడు పాడని చరణం

2014 ఆగస్టు 4, సోమవారం ఉదయం, కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండు నెలలకు, శ్రీమతి స్నేహలత గారు నల్లగొండ నుండి బదిలీపై వచ్చి మన పాలమూరు సంగీత పాఠశాలలో గాత్ర అధ్యాపకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు హాజరు పట్టీలో ఆమె సంతకం కింద సంతకం చేసిన మృదంగం మాస్టారిని నేనే. పదకొండేళ్లుగా మాది అదే వరుస.

ఆమె ఆదివారాలు చర్చిలో పాడతారని తెలిసి, తొలి ఏడాదే నేను నోరు జారాను. "చర్చి పాటలంటే ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు అతికించుడే గద మేడం" అన్నాను. ఆమె కోపగించలేదు. మరుసటి వారం పిల్లల మధ్య నన్నూ కూర్చోబెట్టి, యూదుల ఆరాధనా గానం నుండి క్రైస్తవ సంగీతం ఎలా ఉద్భవించిందో, తొలి విశ్వాసులు వాద్యాలు లేకుండా ఇళ్లలో ఏకకంఠంగా ఎలా పాడుకున్నారో, తరువాత ఏ నేలకు వెళితే ఆ నేల రాగాన్ని ఎలా తనది చేసుకుందో వివరించారు. చివరగా తమ అవ్వ గుర్వమ్మ గారి పాటను ఆలపించారు. గుర్వమ్మ గారు గొర్రెలు కాసి, నడివయసులో క్రైస్తవం స్వీకరించినవారు. తప్పిపోయిన గొర్రెను కాపరి వెతకడమే ఆ పాటలోని కథ. చిన్ననాడు మా పొలం గట్ల మీద కాపరుల నోట విన్న బాణీ అది!

ఆ పాట చివరి చరణానికి మాటలు ఆమె వద్ద ఉన్నాయి. బాణీ మాత్రం అవ్వతోనే పోయింది. చిన్నతనంలో శ్రద్ధగా వినలేదన్న బాధ ఆమెను ఏనాడూ వదలలేదు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ దానికోసం వాకబు చేసేవారు.

2018 వేసవిలో కొల్లాపూర్ దగ్గరి ఒక పల్లెలో మారయ్య అనే వృద్ధ కాపరి ఆ పాట బాణీని అందుకున్నాడు. చివరి చరణం దాకా వచ్చి అతడు ఆగిపోయాడు.

"మంద నిండుగున్నప్పుడు గా చరణం పాడొద్దు బిడ్డా. పాడితే ఒకటి తప్పిపోతది. తప్పిపోయిననాడు పాడుత, ఫోన్ చేస్త" అన్నాడు.

లౌకిక గానానికీ మీ గానానికీ తేడా ఏమిటని తిరుగు ప్రయాణంలో బస్సులో అడిగాను. "రాగంల తేడా ఏం లేదు సార్. వాళ్లు గొర్రె తప్పిపోయిననాడే పాడుకుంటరు. మేము ప్రతి ఆదివారం పాడుకుంటం. ఎవరో ఒకరు తప్పిపోయే ఉంటరు గద" అన్నారు, కిటికీ వైపు తిరిగి.

దాదాపు ఏడేళ్లు ఎదురుచూశారు. మొన్న జనవరిలో ఫోన్ వచ్చింది. పాఠం మధ్యలో ఆమె లేవడం నేను చూసింది ఆ ఒక్కనాడే. ఇద్దరం పరుగున వెళ్లాం. మేము చేరేసరికి గొర్రె దొరికింది!

"దొరికింది బిడ్డా, ఇగ పాడొద్దు" అన్నాడు మారయ్య, తప్పు చేసినవాడిలా. మేడం ఆ గొర్రె తల నిమిరి నవ్వారు. "దొరికినంక పాటెందుకు తాతా" అన్నారు. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఆ గొర్రె మీద కోపం వచ్చింది, దాచడమెందుకు!

ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న స్నేహలత గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, మారయ్య మంద నిండుగా ఉండాలని, అయినా ఎలాగో ఒకలా ఆ చరణం ఆమె చెవిన పడాలని మనసారా కోరుకుంటున్నాను. జూలై ఒకటిన హాజరు పట్టీలో నా సంతకం పైన గడి ఖాళీగా ఉంటుంది. ఆ చరణం నాకు వచ్చి ఉంటే, ఆ ఉదయం నేనే పాడేవాణ్ణి.

— రఘుపతి, మృదంగ అధ్యాపకుడు