బిడ్డ మీద ఒట్టు

ఆత్మకూరు బస్టాండు, సాయంత్రం. ఉదయగిరి బస్సు కోసం అత్త కోటమ్మ, కోడలు చెంచులక్ష్మి బెంచీ మీద కూర్చున్నారు. ఎనిమిదేళ్ల భవ్యశ్రీ తల్లి ఒళ్లో నిద్రపోతోంది.

"ఇంకా ఎన్నిసార్లు అడగతావు అత్తా? చెప్పినాను గదా."

"ఏం చెప్పినావు? రేపు నెల్లూరు పోవాలన్నావు. ఎందుకు పోవాలో చెప్పలా."

"గుండెకి స్కాన్ తియ్యాలంట."

"మోకాలు వాస్తే గుండెకి స్కాన్ ఏంది?"

"నేనూ అదే అడిగినాను."

"ఏమనింది?"

"మెల్లగా మాట్లాడు. ఇప్పుడే పాపకి నిద్ర పట్టింది."

"ఏమనింది ఆ డాక్టరమ్మ?"

"పోయిన నెల పాపకి గొంతునొప్పీ జరం వచ్చినాయి గదా, మూలం అదంట."

"గొంతుకీ మోకాలికీ ఏం సంబంధం? ఎవురన్నా వింటే..."

"నన్ను చెప్పనీ అత్తా. పొద్దన్నించి తిరిగి తిరిగి నాకు నోరు ఆడటం లేదు. గొంతులో క్రిమి చేరిందంట. దాంతో పోట్లాడటానికి మన ఒంట్లోనే ఏదో పుడతాదంట. మందుతో క్రిమిని పూర్తిగా చంపకపోతే, ఆ పుట్టింది దారి తప్పి మన కీళ్ల మీదే పడతాదంట. ముందు మోకాలు, తర్వాత మడమ, ఆ తర్వాత..."

"గుండె అనొద్దు."

"నేనెందుకంటాను? ఆమె అనింది. కీళ్లు కొన్నాళ్లు నొచ్చి వదిలేస్తాయంట. గుండెలో వాల్వులు ఉంటాయంట, తలుపుల మాదిరి. అవి చెడితే మాత్రం మళ్లా మామూలు కావడం కష్టమంట."

"పిల్లోళ్లకి గొంతు నొయ్యడం నేను చూడనిదా? ఈ వేలితో ఎంతమందికి కొండనాలుక నొక్కినాను. మిరియప్పొడీ ఉప్పూ అద్దుకోని ఒక్క నొక్కు. తెల్లారేసరికి అన్నం తినేవాళ్లు. ఎవురికన్నా గుండె చెడిందా?"

"ఏమో. చెడినా నీకొచ్చి ఎవరు చెప్తారు?"

"అట్టాగా. నన్ను బయట కూర్చోబెట్టి లోపల నిన్ను అడిగింది ఇదేనా? నా వేలి సంగతే గదా?"

"కాదు."

"కొండనాలుక నొక్కే ముసల్ది ఇంట్లో ఉండాదని చెప్పేసినావా?"

"లేదు అత్తా. నీ మాటే రాలా."

"మరేం అడిగింది?"

"మాత్రలన్నీ వేసినారా అని. షీటు అయిపోయిందాకా వేసినారా అని."

"అదో బస్సు. మనదేనేమో చూడు."

"అది కలిగిరి బస్సు. కూర్చో."

"నా కళ్లకి అన్నీ ఒకటే మాదిరి ఉండాయి."

"మళ్లీ మళ్లీ అదే అడిగింది అత్తా. జరం తగ్గంగానే ఆపేసినారా, నిజం చెప్పు, నేను తిట్టను అనింది. జరం తగ్గినా క్రిమి చావదంట, అణిగి ఉంటాదంట. చివరి మాత్ర దాకా వేస్తేనే చస్తాదంట. వేసినామమ్మా, ఒక్కటి కూడా మిగల్లేదు అన్నాను."

"ఊఁ."

"మొదట్లో నేనే వేసినాను, జరం తగ్గినాక మా చెల్లెలి పెళ్లికి జలదంకి పోయినాను, అప్పట్నించి మా అత్త వేసింది, నేను తిరిగొచ్చేసరికి ఖాళీ షీటు తీసి చూపించింది అని కూడా చెప్పినాను."

"నా మాటే రాలేదంటివి."

"అదొక్కటే వచ్చింది. అందులో తప్పేముండాది? మంచిగానే చెప్పినాను."

"నీళ్లుండాయా?"

"సీసా నీ పక్కనే ఉండాది."

"ఆఁ. చూళ్లేదు."

"ఆమెకి అప్పటికీ నమ్మకం కుదరలా. మందంతా పడి ఉంటే ఇట్టా కావడం అరుదు అంటాది. నిజంగా అన్నీ పడినాయంటే ఇది వేరే జబ్బేమో అంటాది. ఆ క్రిమిని చంపే సూది చీటీ మీద రాసింది కూడా. మళ్లా కొట్టేసింది. నెల్లూర్లో చేర్చండి, అన్నీ వెతికినాక వాళ్లే చూస్తారు అనింది."

"వేరే జబ్బంటే ఏంది?"

"రక్తంలో వచ్చే జబ్బులు కూడా ఒక్కోసారి ఇట్నే కీళ్లనొప్పులతో మొదలవతాయంట."

"రక్తంలోనా?"

"పేరు చెప్పలా. నేను అడగలా. నాకు భయమేసింది అత్తా. అడిగితే ఆ పేరు చెప్పేస్తాదేమోనని ఊరకుండిపోయినాను."

"అట్టాంటిదేం ఉండదులే. నా మాట విను."

"నువ్వట్టా అంటే సరిపోతాదా? చివరికి పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినాను. ఒక్క మాత్ర తప్పలేదు, నా బిడ్డ మీద ఒట్టు అన్నాను. అప్పుడు నమ్మింది."

"పాప మీదా?"

"మరెవరి మీద వెయ్యాల?"

"ఎందుకు వేస్తివి మే. బిడ్డ మీద ఒట్టేస్తారా ఎవరన్నా?"

"అబద్ధమైతే గదా భయపడాల. ఖాళీ సీసా మళ్లా ఎత్తతా ఉండావేంది?"

"ఆకలి. పొద్దన్నించి టీనీళ్లే గదా."

"అరటిపండు తెస్తానుండు."

"వద్దు. కదిలితే పాప లేస్తాది."

"నీ కొడుకు ఫోన్ చేసినాడు ఇందాక. మందే నకిలీది అయ్యుంటాదంట. ఆ షీటు పట్టుకోని ఆనందకుమార్ మెడికల్ షాపు మీదికి పోతా ఉండాడు."

"వద్దని చెప్పు."

"ఎందుకు వద్దు? బిడ్డకి నకిలీ మందిస్తే..."

"మన కిరాణా అంగడీ వాళ్ల షాపూ పక్కపక్కనే. రేపు వాళ్ల మొహం మనం చూడొద్దా? ఆ పిల్లోడు అట్టాంటోడు కాదు. ఫోన్ చెయ్యి నా కొడుక్కి."

"ఛార్జింగ్ లేదు. అయినా మందు మంచిదే అయితే పాపకెందుకు పనిచెయ్యలా?"

"కొందరి ఒళ్లకి కొన్ని పట్టవు."

"తియ్యగా ఉండాది, ఇంకోటి పెట్టమ్మా అని అడిగి మరీ వేయించుకునేది. నీళ్లల్లో కరిగీ కరగకముందే తాగేసేది. అట్టాంటిది ఒంటికి పట్టకుండా యాడికి పోతాది?"

"నన్నడిగితే నేనేం చెప్పేది."

"అదో, మన వెనకవీధి శీనమ్మ. సంచులు మోసుకోని వస్తా ఉండాది."

"అటు చూడబాక. ఆమెతో మాట్లాడే ఓపిక నాకు లేదు."

"చూసేసింది."

"ఏం కోటమ్మవ్వా, అత్తాకోడళ్లు ఇక్కడుండారే. పాపకేమైంది లక్ష్మీ?"

"మోకాళ్లు వాచినాయి శీనమ్మక్కా. ఆస్పత్రికి తెచ్చినాము."

"అయ్యో బిడ్డా. అవ్వ ఇంట్లో ఉండంగా మీకు ఆస్పత్రి ఏంది? మొన్న మావాడికి గొంతు పూడుకపోయి నీళ్లు కూడా దిగకపోతే..."

"శీనమ్మా, నువ్వు ముందు పోయి నిలబడు. మళ్లా సీటు దొరకదు."

"బస్సు రానీ అవ్వా, అందరం ఎక్కేదే. కొండనాలుక నొక్కించుకోవాలంటే మావాడు ఇదివరకు వీధి చివర దాకా పారిపోయేవాడు లక్ష్మీ. ఇప్పుడు వాడే అవ్వ కాడికి పోదాం పా అంటాడు."

"అదేంది, మిరియప్పొడి మంటకి పెద్దోళ్లే తట్టుకోలేరు గదా?"

"మంటేముండాది? తెల్లపొడి కలపతా ఉండె గదా. తియ్యగా ఉంటాదంట."

"ఏం తెల్లపొడి?"

"నీకు తెలీదా? నువ్వు పెళ్లికి పోయినప్పుడే గదా అవ్వ మొదలుపెట్టింది. గొంతునొప్పి అని వచ్చిన పిల్లోళ్లందరికీ నాలిక మీద రవ్వంత వేసింది. రెండు దినాల్లో లేచి తిరిగినారు. చేతివాసి అంటే అవ్వదే అని వీధంతా అనుకున్నాము. ఇప్పుడు మళ్లా పట్టుకుందిలే మావాడికి. రేపు తీసుకొస్తాను. ఆ పొడి ఏమన్నా మిగిలి ఉంటే తీసి పెట్టవ్వా."

"అయిపోయింది శీనమ్మా."

"అయ్యో, అవునా. అదో, మన బస్సు తిరగతా ఉండాది. మీక్కూడా సీట్లు పట్టి పెడతాను, పాపని నిదానంగా లేపండి."

"అత్తా, నా మొహం చూడు."

"జరం పోయింది లక్ష్మీ. పిల్ల గంతులేస్తా ఉండె. బాగైన బిడ్డకి ఇంకా మందు ఎందుకులే అనుకున్నా. మన అంగట్లో గోతం అడుగున మిగిలిన చక్కెర కూడా దులిపి వాడతాము గదా. అట్టాంటిది మాత్రలు ఊరకే పోతాయే అనిపించింది."

"పోతాయని పొడి కొట్టి వీధిలో పిల్లోళ్లకి పంచినావా?"

"ఆ పిల్లోళ్లు ఒళ్లు కాలిపోతా వచ్చినారు. ఈ మధ్య నా వేలికి తగ్గడం లా. అందరూ నన్ను దాటుకోని ఆర్ఎంపీ డాక్టరు కాడికి పోతా ఉండారు. మళ్లా నా కాడికి రావడం మొదలుపెట్టేసరికి నాకు సంతోషమైంది. అంతే మే. అంతకుమించి ఏమీ లేదు."

"నేను జలదంకి పోయినాక పాపకి ఎన్ని వేసినావు? ఎన్ని అత్తా?"

"ఒక్కటీ వెయ్యలా. తిట్టు. ఇంటికి పోయినాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. ముందు బస్సెక్కు, చీకటి పడతాది."

"ఎక్కడం లేదు. లే."

"యాడికి?"

"డాక్టరమ్మ కాడికి. ఇంకా ఉంటాది. ఇప్పుడు నాకు చెప్పిందే ఆమెకి చెప్పు."

"ఆమె ముందర నేనెట్టా..."

"నాకు తిట్టే ఓపిక కూడా లేదు అత్తా. రక్తంలో జబ్బు కాదేమో అనే మాట ఆమె నోటితో వినాల నేను. కొట్టేసిన సూది మళ్లా రాయించుకోవాల. నా బిడ్డ మీద నేనేసిన ఒట్టు నువ్వే తియ్యాల. లే."

"శీనమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపతా ఉండాది. మనకి సీట్లు పట్టింది పాపం."

"మనం రావడం లేదని చెప్పు ఆమెకి."

"చెప్తాను. ఉండు. శీనమ్మా, ఓ శీనమ్మా. బస్సు దిగు. మీవాడికి మోకాళ్లేమన్నా నొస్తా ఉండాయేమో చెప్పు."