పేరు అడిగే బావి

గొల్లపేట దాటాక ఇటికల బట్టీ వెనకాల ఒక చింతచెట్టు ఉంది చూశారూ, దాని కింద చప్టా పగిలిన బావి, అటు ఎవరూ పోరు. అక్కడి చింతకాయలు పండి రాలి మట్టిలో కలిసిపోవలసిందే గాని ఒక్కరూ ఏరుకోరు. ఎందుకు పోరంటే ఇప్పటివాళ్లు చెప్పలేరు, పోకూడదని మాత్రం తెలుసు. నాకు తెలుసు. ఇవాళే చెబుతాను, రేపటికి నాకు గుర్తుంటుందో ఉండదో. హైమా, నువ్వు ఆ చంటిదాన్ని ఎత్తుకుని ఇటు దగ్గరగా వచ్చి కూర్చో. అది వచ్చినప్పట్నించీ మెడ గోక్కుంటోంది, చూస్తూనే ఉన్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి... ఆఁ, మా సుభద్రకి పదినెలలు. ఇప్పుడు దానికే మనవలున్నారనుకోండి, అప్పుడు పదినెలలు, నాకు ఇరవై నిండలేదు. పిల్ల బొద్దుగా ఉండేది, చూసినవాళ్లు ఊరుకోకుండా ఏదో ఒకటి అనేవారు, దాంతో మా అత్తగారు సంతలో నల్లజీడిగింజ కొనుక్కొచ్చి, సూది కాల్చి బెజ్జం పొడిచి, నల్లతాడుకి గుచ్చి పిల్ల మెడలో కట్టింది. దిష్టికి. ఇందులో వింతేముంది? ఊళ్లో ఏ పిల్లకి కట్టలేదు?

నాలుగు రోజులయ్యాక మెడకింద చెమటకాయల్లా ఎర్రగా లేచింది. ఎండకేమో అనుకున్నాం. తరవాత అవి నీటిపొక్కులై భుజాలమీదికీ గుండెలమీదికీ పాకాయి, పిల్ల పాలు తాగదు, పడుకోదు, గోకి గోకి రక్తం. నేను పాతచీర చింపి దాని రెండు చేతులకీ గుడ్డలు చుట్టేదాన్ని. అది ఆ గుడ్డల చేతులతోనే నా మొహం తడుముతూ ఏడ్చేది. వేపాకు నూరి పూశాం, పసుపు పూశాం, కాంపౌండరు వచ్చి తెల్లమందు పూసి రెండ్రోజుల్లో తగ్గుతుందన్నాడు, తగ్గలేదు, ఆయన మళ్లీ మా వీధి మొహం చూడలేదు. మా అత్తగారేమో దిష్టి గట్టిగా తగిలిందని ప్రతి ఆదివారం పాత గింజ తీసేసి కొత్తది కట్టేది. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. పిల్ల ఏడిస్తే ఆవిడకీ ముద్ద దిగేది కాదు.

చల్లటి నీళ్లు పోస్తే మాత్రం పిల్ల కాసేపు ఊరుకునేది. అయితే ఈలోగా వీధిలో వాళ్లు ఇది అమ్మవారేనని, మా పిల్లవల్ల వాళ్ల పిల్లలకీ పోస్తుందని, నన్ను బావి గట్టు ఎక్కనివ్వడం మానేశారు. వాళ్లనీ ఏమనగలం, వాళ్లకీ పిల్లలున్నారు గదా. దాంతో ఒకరోజు మిట్టమధ్యాహ్నం, అందరూ తిని నడుం వాల్చిన వేళ, పిల్లని చంకనేసుకుని చేద పట్టుకుని ఆ చింతచెట్టు కింద బావికి పోయాను. భయం లేదా అంటారేమో. ఉంది. అయితే పిల్ల ఏడుపుకంటే పెద్ద భయమా అది?

పోయేసరికి చప్టామీద ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పయ్యేళ్లుంటాయేమో. చీర తడిసి ముద్దగా ఉంది, చుక్క మాత్రం కారడంలేదు. దెయ్యాలకి నీడ ఉండదంటారే, మిట్టమధ్యాహ్నం ఎవరి నీడైనా కాళ్ల కిందే ఉంటుంది, ఇక ఏం చూస్తాం? నేను చూసింది ఆవిడ వేళ్లు. కొసలు నల్లగా ఉన్నాయి. బట్టలు ఉతికేవాళ్లు ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి ఈ నల్లజీడిగింజ పాలతోనే గుర్తు పెట్టేవాళ్లు, వాళ్ల వేళ్లు అలాగే ఉండేవి. అప్పుడు తెలిసింది నాకు, ఈవిడ తవిటమ్మ అని, మా పెళ్లికి ముందెప్పుడో ఈ బావిలో పడిపోయిందని చెప్పుకుంటారే, ఆవిడ.

ఆవిడ నన్ను చూడనేలేదు, పిల్లని చూస్తోంది. ఒక్కసారి ఇలా ఇయ్యి తల్లీ, అంది. ఎలా ఇచ్చానో నన్నడగకండి. ఆ అడగడంలో ఏదో ఉంది, వారం రోజులు తిండిలేని మనిషి గంజి అడిగినట్టు. ఇచ్చాను. ఆవిడ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో, మా సుభద్ర ఆ మెడవంపులో మొహం పెట్టుకుని ఇట్టే నిద్రపోయింది. అన్ని రోజుల్లో అదే దాని మొదటి నిద్ర. ఆవిడ దాని మాడు వాసన చూసింది, మళ్లీ చూసింది, అలా చాలాసేపు. ఇక తిరిగి ఇవ్వదని అనుకున్నాను.

అప్పుడు పిల్ల మెడలో తాడు వేలికి తగిలింది. చటుక్కున పంటితో తెంపి ఆ గింజని బావిలోకి విసిరేసింది. నీళ్లచప్పుడు రాలేదు.

దీని పాలు బట్టమీద పడితే బట్ట చిరిగేదాకా పోదు తల్లీ, ఒంటిమీద పడితే ఊరుకుంటుందా, కొత్త గింజకి బెజ్జం పొడిస్తే చెమటకి కారుతూనే ఉంటుంది, అంది. నా వేళ్లు కాలిన సంగతి నాకు తెలుసు, తెలిసీ నా పిల్లకి కట్టాను, పెద్ద ఇళ్లల్లో కడుతున్నారు గదా, వాళ్లు కట్టారంటే మంచిదే అయ్యుంటుందనుకున్నాను, అంది. పుండ్లు పడ్డాయట, జొరం వచ్చిందట, మూడోనాడు పిల్ల పోయిందట. ఆవిడ బావిలో పడిందో దూకిందో నేనడగలేదు. చన్నీళ్లతో కడిగి కొబ్బరినూనె రాయి, ఇంకేమీ కట్టకు, అని చెప్పి పిల్లని నా చేతుల్లో పెట్టేసింది. ఏం పేరు, అంది. సుభద్ర అన్నాను. నా పిల్ల పేరు, అని మొదలుపెట్టి ఆగిపోయింది. కొంగుముడిలో పెట్టుకున్నది పోయినట్టు అటూ ఇటూ వెతుక్కుంది. ఇన్నేళ్లయింది తల్లీ, నీళ్లల్లో ఉండి ఉండి మరిచిపోయాను, ఊళ్లో ఎవరికైనా గుర్తుంటే అడిగొచ్చి చెబుతావా, అంది.

ఇంటికొచ్చాను. అత్తగారు తాడేదంది. తెగిపోయిందన్నాను. కొత్త గింజ తీసింది. వద్దు అన్నాను. కాపురానికొచ్చిన మూడేళ్లలో ఆవిడకి వద్దు అని చెప్పడం అదే మొదలు. నీకేం తెలుసే అంది, తెలియదత్తా, అయినా వద్దు అని పిల్లని పొదివి పట్టుకుని గోడవారకి జరిగాను. పదిహేను రోజులకి మచ్చలు మాత్రం మిగిలాయి. అత్తగారు మిగతా గింజలన్నీ తనే పెంటలో పారేసింది.

తవిటమ్మ తోడికోడలు పెంటమ్మ అప్పటికి బతికే ఉంది. పోయి అడిగితే, ఆ పిల్ల పేరు నీకెందుకమ్మా అని ముందు కసిరి, తరవాత గడపమీద కూలబడి ఏడ్చి చెప్పింది. దారిలో మరిచిపోతానేమోనని అనుకుంటూ అనుకుంటూ వచ్చి, మా ఆయన చేత వంటింటి గోడమీద బొగ్గుతో రాయించుకున్నాను. మూడక్షరాలు. రోజూ వాటిమీద వేలుపెట్టి దిద్దేదాన్ని. నేను చదవడం నేర్చిన మొదటి మాట నా పేరు కాదు, మొగుడి పేరు కాదు, అది. ఆ తరవాత చదివిందంతా ఆ మూడక్షరాలు పట్టుకునే చదివాను.

పోయి చెప్పాను. ఆవిడ బెల్లంముక్క బుగ్గన పెట్టుకున్నట్టు ఆ పేరు నోట్లోనే అటూ ఇటూ తిప్పుకుంది, నన్ను మరిచేపోయింది. ఇక ఆ బావి వదిలి వెళ్లిపోతుందనుకున్నాను. మరుసటేడు మాఘమాసంలో అటు పోతే మళ్లీ అక్కడే ఉంది, అదే తడిచీర, తల్లీ నా పిల్ల పేరు ఎవరికైనా గుర్తుందేమో అడుగుతావా, అంది. అప్పటినించీ ఏడాదికోసారి పోయి చెప్పి వచ్చేదాన్ని. యాభై ఏళ్లకి పైనే. మోకాళ్లు పట్టేసి పోక మూడేళ్లయింది. మూడేళ్లనించీ ఆవిడ వెతుక్కుంటూనే ఉంటుంది గదా అని పొద్దుగూకితే అదే ఆలోచన. మొన్న ఒకరోజు నాకే ఆ పేరు రాలేదు. కొత్తిల్లు కట్టినప్పుడు ఆ గోడ పోయింది. నేను చదువుకున్న పుస్తకం అట్టమీద ముందే రాసిపెట్టుకున్నాను గనక సరిపోయింది. ఆ పుస్తకం ఎక్కడ పెట్టానో వెతకడానికి సగం రోజు పట్టింది, అప్పుడు తెలిసింది తవిటమ్మ బాధేమిటో.

సూరీడు. ఆదివారం పుట్టిందట. ఏదీ, అందరూ ఒకసారి అనండి. వెనకాల కూర్చున్నవాళ్లు గొణగడం కాదు. ఆఁ.

హైమా, ఇక ఆ తాడు తెంపు. అత్తగారు ఊరుకోదా? నేను తెంపానని చెప్పు, ఈ వయసులో నన్నేం చేస్తుంది. చూడు, గింజ కింద ఎంత ఎర్రగా ఉందో. కొబ్బరినూనె తెచ్చి రాయి, రేపు పొద్దున్నే డాక్టరమ్మకి చూపించు.

మీరు మాత్రం అటు పోకండి. చప్టా జారుతుంది, పొదల నిండా పాములు. కాదు కూడదు పోయే తీరతామంటారా, పేరు మరిచిపోయి పోకండి. ఆవిడ ఏమీ చెయ్యదు, అడుగుతుందంతే. చెప్పలేక నిలబడ్డారనుకోండి, తరవాత ఇంటికొచ్చి పడుకున్నా మీకు నిద్ర పట్టదు.