టైరుకు కట్టని తుపాకీ

తుపాకీ చేతిలోనే బద్దలై భర్త పోయాడు. కువైట్ ఆసుపత్రి వరండాలో కూలబడిన రెడ్డెమ్మను తమ్ముడు వదలడం లేదు.

"మీరిద్దరూ పనిచేసే ఇంటి యజమాని, ఆ కఫీల్ వేట తూటాల్లో మందు బావే ఎక్కువ కూరినాడని పోలీసులు రాసుకుంటాండారు. నోరు తెరువక్కా!"

"ఆయన తూకమేసి పోసేవాడురా. కొత్తగా మందు కూరిన తూటా మొదట చేత్తో కాల్చడు. తుపాకీని టైరుకు కట్టి, దూరం నుంచి తాడు లాగుతాడు."

"మరి ఈపొద్దు?"

"పాత తూటాలేనని చెప్పి చేతికిచ్చినాడు."

"ఎవడు?"

రెడ్డెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గుండు ఇంకా స్పీడుగా పోవాలని వాడే మందు ఎక్కువ పోసినాడంట. ఇందాక నా ఒళ్లో పడి ఏడిసినాడు, ఎవురికీ చెప్పొద్దని."

"నీ ఒళ్లోనా? నీ మొగుణ్ణి చంపినోడా?"

"నా చేతి ముద్దలు తిని పెరిగినోడురా."

"పేరు చెప్పక్కా!"

"ఫహద్... కఫీల్ కొడుకు ఫహద్."