ఒకే నోటి తుంపర

కూర్చోండి బావగారూ. ఆ చిటపటలన్నీ ఇంటికెళ్లి మా అక్క మీద చూపించుకోండి. ఇది నా ల్యాబు. మీరు ఎంత ఇన్‌స్పెక్టరయినా ఇక్కడ అడిగిన శాంపిల్ ఇవ్వాల్సిందే.

మొదటి హత్యప్పుడే అడిగానా లేదా? నేనేమన్నా దొంగనా ఉమ్మి ఇవ్వడానికి అని ఎగిరిపడ్డారు. మీ కానిస్టేబుళ్లు ఇచ్చారు, ఫొటోగ్రాఫర్ ఇచ్చాడు. శవం దగ్గరికి వెళ్లినవాళ్ల డీఎన్ఏ తీసేస్తే మిగిలిందే హంతకుడిది. ఇంత చిన్న విషయం. మీకేమో పరువు తక్కువ. మాస్కు పెట్టుకోవడం ఇంకా తక్కువ. మాస్కుంటే శవం దగ్గర మీరిచ్చే ఉపన్యాసం సరిగ్గా వినపడదు కదా మరి.

చనిపోయిన మొదటి ఆమె కాలర్ మీద ఎవడిదో నోటి తుంపర దొరికింది. రెండో ఆమె కాలర్ మీదా అదే. హంతకుడు వీడేనని పేపర్లవాళ్లకి ఎంత చక్కగా చెప్పారో.

ఇద్దరిళ్లలోనూ తాళాలు మార్చినవాణ్ణి పట్టుకొచ్చిందీ మీరే. కాదనను. వాడి ఉమ్మి ఆ తుంపరతో కలవలేదు. సారీ చెప్పి, జీపులో ఇంటి దగ్గర దింపించారు. ఆ తర్వాత జరిగిన మూడో హత్య టీచరమ్మది. ఆవిడ తాళమూ వాడే మార్చాడు.

ఆవిడ కాలర్ మీదా అదే తుంపర. అప్పుడు సైకాలజిస్టుని పిలిపించారు. పాపం, మంచి పనివాడు. హంతకుడు శవం మీదికి వంగి మాట్లాడతాడట. ఎదురు చెప్పనివాళ్లంటే ఇష్టమట. తనంతటివాడు లేడనుకుంటాడట. పేపర్లో అది చదివి, ఎవరో ఎరిగున్నవాడిలాగే ఉన్నాడే అంది అక్క. పక్కనే కూర్చుని, వీడికెంత పొగరో అన్నారు మీరు.

నాకు నవ్వొచ్చింది. మీరు తాగి వదిలేసిన టీ కప్పు బ్యాగులో వేసుకొచ్చి పరీక్ష చేశాక మళ్లీ నవ్వు రాలేదు. మూడిళ్ల తుంపరా మీదే బావగారూ. మూడు నెలలుగా డిపార్టుమెంటంతా మీ కోసమే వెతుకుతోంది.

లేదు, ఆ కప్పు కోర్టులో చెల్లదు. మీరు సంతకం పెట్టి ఇచ్చిందే చెల్లుతుంది. ఇస్తే మీ ఉద్యోగం పోతుంది, తెలుసు. అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు, అదీ తెలుసు. ఇవ్వకపోతే, మళ్లీ పట్టుకొచ్చిన తాళాలవాణ్ణి ఇవాళ కోర్టులో వదిలేస్తారు. టీచరమ్మ చెవిపోగు వాడి పనిముట్ల పెట్టెలో దొరికినా సరే. హంతకుడు తుంపర మనిషేనన్న మీ మాటే వాడి లాయరు చదివి వినిపిస్తున్నాడు. మీరెవరో తేలేదాకా వాడు అమాయకుడే మరి.

టీచరమ్మ తల్లి ఫోన్ చేసి, ఎవడో తెలిసిందా అమ్మా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు? మీకు లేకపోయినా నాకు సిగ్గుగా ఉంది.

లేవకండి. ఇదిగో దూదిపుల్ల. నోరు తెరవండి. మాట్లాడ్డానికి కాదు.